ఆంగ్ల మత సంస్కరణ - చరిత్ర రచన

ఆంగ్ల మత సంస్కరణ అనునది 16వ శతాబ్దములో ఇంగ్లాండు చర్చి రోము నగరములోని పోపు అధికారము నుండి విడిపోయి, క్రమముగా ప్రొటెస్టంటు చర్చిగా మారిన పరిణామము. 1534లో ఎనిమిదవ హెన్రీ రాజు తానే ఇంగ్లాండు చర్చికి అధిపతినని చట్టము చేయించాడు. నేటి ఆంగ్లికన్ సంఘములకు మూలము ఈ చర్చియే. ఈ మార్పును ప్రజలు కోరుకున్నారా, లేక ప్రభుత్వము వారిపై రుద్దినదా అన్నది చరిత్రకారుల మధ్య ముఖ్య వివాదము.

పూర్వ అభిప్రాయము

ఎ.జి. డికెన్స్ 1964లో ప్రచురించిన "ది ఇంగ్లీష్ రిఫర్మేషన్" చాలాకాలము ప్రామాణిక గ్రంథముగా ఉండెను. పాత చర్చిపై ప్రజలలో అసంతృప్తి ముందునుండే ఉన్నదనీ, అందువలన కొత్త మతము త్వరగా వ్యాపించినదనీ ఇతని వాదన.

పునర్విమర్శ

జె.జె. స్కారిస్‌బ్రిక్ 1984లో ఈ వాదనను ఖండించాడు. సామాన్యులు తమ వీలునామాలలో చర్చిలకు విరాళములు వ్రాసియుంచుట వారి భక్తికి నిదర్శనమని ఇతడు చూపాడు. క్రిస్టఫర్ హే, ఎమన్ డఫీ ఈ మార్గమునే అనుసరించారు. డఫీ రచించిన "ది స్ట్రిప్పింగ్ ఆఫ్ ది ఆల్టర్స్" (1992) పాత మతము ప్రజాజీవితములో సజీవముగా ఉండెనని వివరిస్తుంది.

మోర్‌బాత్ గ్రామము

డఫీ మరొక గ్రంథము "ది వాయిసెస్ ఆఫ్ మోర్‌బాత్" (2001) డెవన్ ప్రాంతములోని ఒక చిన్న గ్రామము కథ. అచ్చటి చర్చి గురువు క్రిస్టఫర్ ట్రైకీ 1520 నుండి 1574 వరకు, నలుగురు పాలకుల కాలములో, అదే పదవిలో ఉన్నాడు. చర్చి జమాఖర్చులను స్వయముగా వ్రాసి, గ్రామస్థులకు చదివి వినిపించేవాడు. 1549లో కొత్త ఆంగ్ల ప్రార్థన పుస్తకమునకు వ్యతిరేకముగా తిరుగుబాటు జరిగినపుడు, ఈ గ్రామము ఐదుగురు యువకులను తిరుగుబాటుదారుల శిబిరమునకు పంపినదని ఆ లెక్కల ఆధారముగా డఫీ నిరూపించాడు. అయినను ఎలిజబెత్ రాణి కాలమునాటికి ఆ గ్రామము కొత్త పద్ధతికి అలవాటుపడినది.

తరువాతి పరిశోధన

డయర్‌మెయిడ్ మెకల్లక్ 1996లో ప్రార్థన పుస్తక రూపశిల్పి థామస్ క్రాన్మర్ జీవితచరిత్రను ప్రచురించాడు. ఆంగ్లికన్ చర్చి ఆదినుండి క్యాథలిక్, ప్రొటెస్టంటు మతముల నడుమ మధ్యేమార్గమన్న భావన 19వ శతాబ్దములో బలపడినదేననీ, క్రాన్మర్ లక్ష్యము ఐరోపా సంస్కర్తల లక్ష్యమువంటిదేననీ ఇతని అభిప్రాయము. ఈతన్ షాగన్ (2003) ప్రజలు కేవలము లొంగిపోలేదనీ, తమ లాభనష్టములు చూచుకొని ప్రభుత్వముతో సహకరించారనీ వాదించాడు. పీటర్ మార్షల్ రచించిన "హెరెటిక్స్ అండ్ బిలీవర్స్" (2017) రాజుల నిర్ణయములతోపాటు సామాన్యుల విశ్వాసమునకు, ప్రతిఘటనకు కూడ ప్రాధాన్యతనిస్తుంది. సంస్కరణ ఒక్కసారిగా గాక, తరముల పర్యంతము సాగినదన్న అభిప్రాయము నేడు విస్తృతముగా అంగీకరింపబడుచున్నది.