పెద్దమనిషి అంటే ఎవరు?

మా విస్సన్నపేటలో "వాళ్ళమ్మాయి పెద్దమనిషి అయ్యింది" అంటే ఇంకేం చెప్పక్కర్లేదు, అందరికీ అర్థమైపోతుంది. అదే "వాళ్ళబ్బాయి పెద్దమనిషి అయ్యాడు" అనండి. నలుగురికి తీర్పు చెప్పేంత వాడయ్యాడని అర్థం. మాట ఒకటే కదా, మరి ఈ తేడా ఏంటి?

నిజానికి మాట మంచిదే. ఈడేరింది అంటే వయసు గురించి. రజస్వల అంటే రక్తం గురించి. పెద్దమనిషి అంటే మాత్రం హోదా. కానీ ఆ హోదా వచ్చిన రోజే పిల్లని మూల కూర్చోబెట్టి, కంచం వేరు, చాప వేరు చేసేవాళ్ళు. చిమ్మిలి పెట్టేది కూడా అప్పుడే అనుకోండి, అదొక్కటే బాగుంటుంది.

పాతరోజుల్లో, ముఖ్యంగా బ్రాహ్మణ కుటుంబాల్లో, పెళ్ళి అంతకుముందే అయిపోయేది. కాబట్టి పెద్దమనిషి అయ్యిందంటే ఇక కాపురానికి పంపాలని కబురు. పిల్లకి ఎన్నేళ్ళు అని ఎవరూ అడగరు. ఒళ్ళు చెప్పిందే లెక్క. 1891లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ లెక్కలో వేలు పెట్టింది. భార్య అయినా సరే, 12 ఏళ్ళు నిండకుండా ముట్టుకుంటే నేరం అంది. అంతకుముందు ఆ హద్దు 10. పదేళ్ళు! దానికే తిలక్ లాంటి పెద్ద నాయకులు మా ధర్మంలో జోక్యం అని గొడవ చేశారు. తర్వాత 1929లో శారదా చట్టం అమ్మాయి పెళ్ళికి 14 పెట్టింది. 1978లో అది 18 అయ్యింది. అంటే చట్టం ఒంటిని చూడటం మానేసి పుట్టినతేదీ చూడటం మొదలుపెట్టింది. నా లెక్కలో అసలు మార్పు అదే.

మా వైపు మామిడి రైతుకి ఇది కొత్త కాదు. టెంక ముదరకుండా కోసి మాగేస్తే రసం కాయైనా, బంగినపల్లైనా తోలు ముడతలు పడుతుంది, తీపి రాదు.

ఇంకోటి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఒక ఒప్పందం చేసుకున్నారు. బెజవాడ గోపాలరెడ్డి, బూర్గుల రామకృష్ణారావు, అందరూ కలిపి ఎనిమిది మంది. దానికి తెలుగులో పేరు పెద్దమనుషుల ఒప్పందం. ఆ ఎనిమిది మందిలో ఒక్క ఆడమనిషి లేదు.

ఇప్పుడు ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, డ్రోన్ షూట్ వచ్చాయి. ఫ్లెక్సీ మీద ఏడో క్లాసు పిల్ల ఫోటో. వేయాలా వద్దా అని ఆ పెద్దమనిషిని ఎవరైనా అడిగారా?

మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు? సమర్త అంటారా, ఇంకేదైనా మాటుందా? చెప్పండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో చదువుతా.