కుక్కని వదిలేయాలంటే ముందు రెండు గేట్లు కావాలి!

ఈ రోజు ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా.

ఓ ఆదివారం పొద్దున్నే మా బ్రౌనీని కాలనీ పార్కుకి తీసుకెళ్లా. ఎవరూ లేరు కదా అని లీష్ తీసేశా. రెండు నిమిషాలు కాలేదు, ఓ చిన్న పాప బంతి పట్టుకుని లోపలికొచ్చింది. బ్రౌనీ ఆటకే పరిగెత్తింది, కానీ పాప హడలిపోయి ఏడ్చేసింది. వాళ్ల తాతగారు నన్ను తిట్టలేదు. "బాబూ, మీ కుక్క కరవదని మీకు తెలుసు. మాకు తెలీదుగా" అన్నారంతే.

నా దగ్గర ఆన్సర్ లేదు. ఇంటికొచ్చి వెతికితే అర్థమైంది, ఇదే గొడవని ఊళ్లకి ఊళ్లే పడ్డాయని.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి వెళ్దాం. అక్కడ బార్ట్ రైలు లైను ఊరి మధ్యలో పైనుంచి వెళ్లొద్దు, భూమి కిందనుంచే వెళ్లాలని 1966లో జనం ఓటేశారు. అదనపు ఖర్చు కూడా వాళ్లే భరించారు. సొరంగం కోసం ఇళ్లు తీసేసిన చోట పైన ఖాళీ జాగా మిగిలింది. 1969లో పీపుల్స్ పార్క్ గొడవ తర్వాత ఆ జాగాలో జనమే మొక్కలు నాటేశారు. అదే తర్వాత ఓలోనీ పార్క్ అయింది. 1979లో అందులో ఓ ముక్కకి కంచె వేసి, కుక్కల్ని వదలడానికి ఇచ్చారు. ఇలాంటి పార్కుల్లో మొదటిదిగా దీన్నే చెప్తుంటారు.

కోడింగ్ భాషలో ఇది శాండ్‌బాక్స్. లోపల ఎంత గోలైనా చేసుకో, బయట సిస్టమ్‌కి ఏమీ కాకూడదు. అందుకే డాగ్ పార్కుల్లో రెండు గేట్లు పెడతారు. మొదటిది మూశాకే రెండోది తీయాలి. లీష్ తీసేది ఆ మధ్యలోనే.

న్యూయార్క్ ఇంకో దారి కూడా పట్టింది. 1990లో టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో కంచె వేసిన డాగ్ రన్ పెట్టారు, సరే. కానీ ప్రాస్పెక్ట్ పార్క్ లాంటి పెద్ద పార్కుల్లో స్థలాన్ని కాదు, టైమ్‌ని పంచుకున్నారు. కొన్ని చోట్ల పొద్దున 9 లోపు, రాత్రి 9 తర్వాత కుక్కల్ని వదలొచ్చు. ఏళ్ల తరబడి ఇది నోటిమాట ఒప్పందమే. ఇది చెల్లదని కొందరు కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. 2007లో అదే రాతపూర్వక రూల్ అయింది. అయితే కుక్క లైసెన్సు, రేబిస్ టీకా రుజువు యజమాని జేబులో ఉండాల్సిందే.

మరి మన దగ్గర? 2018లో హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ డాగ్ పార్క్ తెరిచింది. ఒకప్పుడు అది చెత్త పోసిన జాగా.

అయితే మన ఊళ్లలో ఇంకో లెక్క ఉంది. బర్క్‌లీలో మన కుక్కకి ఎదురయ్యేది ఇంకొకరి పెంపుడు కుక్క. మన వీధిలో ఎదురయ్యేది ఆ వీధినే ఇల్లనుకునే కుక్కల గుంపు. లీష్ లేకపోతే ముందు ప్రమాదం మన కుక్కకే. అందుకే ఇక్కడ కంచె ఇంకా ముఖ్యం. టీకా, "రా" అనగానే వెనక్కొచ్చే అలవాటు లేకుండా కంచె లోపల కూడా వదలకూడదు.

ఈ చరిత్రంతా చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. కుక్కకి స్వేచ్ఛ దొరికిన ప్రతిచోటా, ముందు కుక్కంటే భయపడేవాళ్లకి ఓ హామీ దొరికింది. ఆ తాతగారు అడిగింది కూడా అదే.

బ్రౌనీ ఇప్పుడు కాలనీలో లీష్‌తోనే నడుస్తోంది. పాప దూరం నుంచి చెయ్యి ఊపుతోంది. మీ కాలనీలో అలాంటి ఖాళీ జాగా ఏదైనా ఉందా? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!