పంచుకున్న రాజ్యాన్ని కలిపిన ఎబర్‌హార్ట్



అన్నదమ్ములు ఆస్తి పంచుకోవడం మనకు కొత్త కాదు. పొలమైతే మధ్యన గట్టు వేసుకుంటారు. ఇల్లయితే అడ్డుగోడ కట్టుకుంటారు. మరి ఒక రాజ్యాన్నే అలా పంచుకుంటే అందులో ఉన్న ప్రజల సంగతేమిటి? సుమారు ఐదున్నర శతాబ్దాల క్రితం జర్మనీ నైరుతి భాగంలోని వుర్టెంబర్గ్‌లో ఈ ప్రశ్న తలెత్తింది. దానికి జవాబు వెతికిన పాలకుడు ఎబర్‌హార్ట్. గడ్డపు ఎబర్‌హార్ట్ అని చరిత్రలో ఆయనకు పేరు.

ఆనాటి జర్మనీ ఒకే రాజు కింద నడిచిన దేశం కాదు. పైన చక్రవర్తి ఉన్నా, కింద ఎందరో ప్రభువులు ఎవరి సీమను వారు ఏలుకునేవారు. వుర్టెంబర్గ్ ప్రభువుకు అప్పట్లో 'కౌంట్' అనే బిరుదు ఉండేది. 1442లో లుడ్విగ్, ఉల్రిఖ్ అనే అన్నదమ్ములు ఆ సీమను రెండుగా పంచుకున్నారు. అన్నకు ఉరాఖ్ భాగం, తమ్ముడికి స్టుట్‌గార్ట్ భాగం వచ్చాయి. ఆ అన్న కొడుకే మన కథానాయకుడు. 1445 డిసెంబరులో ఉరాఖ్‌లో పుట్టాడు.

ఎబర్‌హార్ట్‌కు ఐదేళ్లు నిండకుండానే, 1450లో తండ్రి చనిపోయాడు. పసివాళ్ల తరఫున పెత్తనం ఎవరిదన్న తగవు మొదలైంది. ఒక పక్క పినతండ్రి ఉల్రిఖ్, మరో పక్క పాలటినేట్ సీమను ఏలుతున్న మేనమామ ఫ్రీడ్రిఖ్. 1457లో అన్న కూడా పోవడంతో వారసత్వం ఎబర్‌హార్ట్ మీద పడింది. 1459లో, ఇంకా పద్నాలుగేళ్ల వయసులోనే, అధికారం చేపట్టాడు. 1462లో పినతండ్రి, మేనమామ యుద్ధరంగంలోనే తలపడ్డారు. మేనమామ చేతికి పినతండ్రి బందీగా చిక్కి, భారీగా ధనం చెల్లించి విడుదలయ్యాడు. ఇంటి తగవుకు కప్పం కట్టేది చివరికి ప్రజలే అని ఆ కుర్రవాడు చిన్నప్పుడే చూశాడన్నమాట.

1468లో ఆయన జెరూసలేం యాత్ర చేశాడు. ఆ యాత్ర తర్వాత గడ్డం తీయలేదని చెబుతారు. ప్రయత్నిస్తాను అనే అర్థం వచ్చే 'అటెంప్టో' అన్న లాటిన్ మాటను తన నినాదంగా పెట్టుకున్నాడు. 1474లో ఇటలీలోని మాంటువా నగర ప్రభువు కుమార్తె బార్బరా గొంజాగాను పెళ్లాడాడు. ఉరాఖ్‌లో ఆ పెళ్లి ఎంతో వైభవంగా జరిగింది. మరుసటి ఏడు వారికి ఒక ఆడపిల్ల పుట్టి పసితనంలోనే పోయింది. ఆ తర్వాత వారికి సంతానం లేదు. వివాహేతర సంబంధాల వల్ల ఆయనకు కొడుకులున్నా, ఆనాటి ధర్మం ప్రకారం వారికి రాజ్యాధికారం రాదు.

ఎబర్‌హార్ట్‌కు లాటిన్ రాదు. లాటిన్ గ్రంథాలను జర్మన్‌లోకి అనువదింపజేసుకుని చదివేవాడు. అటువంటి ఆయన 1477లో ట్యూబింగెన్‌లో విశ్వవిద్యాలయం స్థాపించాడు. ఇందులో తల్లి మెక్టిల్డ్ ప్రోత్సాహం ఎంతో ఉంది. ఆ విశ్వవిద్యాలయానికీ మనకూ ఒక చిన్న సంబంధం ఉంది. కన్నడ నిఘంటువు కూర్చి 1894లో వెలువరించిన ఫెర్డినాండ్ కిట్టెల్ పేరు కర్ణాటకలోని మన శ్రోతలకు పరిచితమే. ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది ట్యూబింగెనే. 1903లో ఆయన కన్నుమూసింది కూడా ఆ ఊళ్లోనే.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయం పెట్టిన ఏడాదే, ట్యూబింగెన్‌లో యూదులు నివసించరాదని ఆయన శాసించాడు. 1492లో రాసిన వీలునామాలో ఆ నిషేధాన్ని రాజ్యమంతటికీ చెప్పాడు. సీమను కలిపినవాడే కొందరిని ఆ సీమకు కాకుండా చేశాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. స్టుట్‌గార్ట్ భాగం పినతండ్రి కొడుకు చేతికి వచ్చింది. అతని పేరు కూడా ఎబర్‌హార్టే. చిన్న ఎబర్‌హార్ట్ అందాం. 1482 డిసెంబరు 14న మ్యూన్సింగెన్ అనే ఊళ్లో అన్నదమ్ములిద్దరూ ఒప్పందం చేసుకున్నారు. రెండు భాగాలూ ఒకటి కావాలి, ఇకపై విడిపోకూడదు, పెద్దవాడు స్టుట్‌గార్ట్ నుంచి ఏలాలి, ఆయన తర్వాత చిన్నవాడు ఏలాలి. గమనించండి, ఈ ఒప్పందం ఇద్దరి మధ్యనే ఉండిపోలేదు. మతాధికారులు, వీరులు, పట్టణాల ప్రతినిధులు కూడా ఇందులో భాగస్వాములయ్యారు.

తమ్ముడి నిలకడ మీద అన్నకు నమ్మకం లేదు. అందుకే 1492లో మరో ఒప్పందం చేయించాడు. తన తర్వాత చిన్న ఎబర్‌హార్ట్ ఒక్కడే ఏలకుండా, పన్నెండుమంది సభ్యుల మండలి పాలనలో పాలుపంచుకోవాలన్నది దాని సారాంశం. 1495లో వోర్మ్స్ నగరంలో జరిగిన సభలో మాక్సిమిలియన్ ఆయనకు డ్యూక్ హోదా ఇచ్చాడు. వుర్టెంబర్గ్ విభజించరాని సీమ అన్న సంగతి అప్పుడు మాక్సిమిలియన్ శాసనంలోకి కూడా ఎక్కింది. మరుసటి ఏడాది, 1496 ఫిబ్రవరిలో, యాభై ఏళ్ల వయసులో ట్యూబింగెన్‌లో ఎబర్‌హార్ట్ కన్నుమూశాడు.

ఆయన భయపడినట్టే జరిగింది. గద్దెనెక్కిన చిన్న ఎబర్‌హార్ట్‌కూ, రాజ్య ప్రతినిధులకూ పొసగలేదు. 1498లో ప్రతినిధులు అతన్ని పదవి నుంచి దించారు. మాక్సిమిలియన్ దానికి సమ్మతించాడు. పదకొండేళ్ల బాలుడు ఉల్రిఖ్ డ్యూక్ అయ్యాడు. అతను చిన్న ఎబర్‌హార్ట్ తమ్ముడి కొడుకు. మళ్లీ పసివాడే వారసుడు, మళ్లీ పెద్దల పెత్తనమే. యాభై ఏళ్ల క్రితం ఇలాంటి సమయంలోనే మేనమామ, పినతండ్రి కొట్టుకున్నారు. ఈసారి మాత్రం స్టుట్‌గార్ట్, ఉరాఖ్ భాగాలు విడిపోలేదు.

ఏ ప్రజ ఒడిలోనైనా తల పెట్టి నిర్భయంగా నిద్రపోగల ప్రభువని 19వ శతాబ్దంలో కెర్నర్ అనే కవి ఎబర్‌హార్ట్‌ను కీర్తించాడు. ఆ పాట అక్కడ ఇంటింటా వినిపించింది. పాట సంగతి అలా ఉంచి, ఆయన చేసిన పని చూడండి. కన్నబిడ్డ దక్కని మనిషి తన తర్వాత రాజ్యం ఏమవుతుందోనని ఆలోచించాడు. ఆ రాజ్యాన్ని ఒక్క వారసుడి మంచితనానికే వదిలిపెట్టకుండా, నలుగురూ సాక్షిగా రాసుకున్న కట్టుబాటుకు అప్పగించాడు. పంపకాల వేళ గట్టు ఎక్కడ వేయాలన్నదే కాక, ఆ నేల మీద బతికేవారి మాట కూడా వినాలని ఆయన కథ మనకు చెబుతోంది.