డబుల్ బాస్ కమాను

డబుల్ బాస్ కమాను అనేది పాశ్చాత్య సంగీతంలో సాధారణంగా కమానుతో వాయించే తంత్రీ వాద్యాలలో అతి పెద్దదైన డబుల్ బాస్‌ను మోగించడానికి ఉపయోగించే సాధనం. కొంచెం వంపు గల కడ్డీకి గుర్రపు తోక వెంట్రుకలను బిగించి దీనిని తయారు చేస్తారు. తెలుగునాట ఫిడేలు విద్వాంసులు వాడే కమానుకు, దీనికి పొడవులో పెద్ద తేడా లేదు. బరువులో మాత్రం చాలా తేడా ఉంది. వయొలిన్ కమాను సుమారు 60 గ్రాములు తూగితే డబుల్ బాస్ కమాను సుమారు 130 నుండి 150 గ్రాముల వరకు తూగుతుంది. జాజ్ సంగీతంలో ఈ వాద్యాన్ని ఎక్కువగా వేళ్ళతో మీటి వాయిస్తారు. ఆర్కెస్ట్రాలో మాత్రం కమానుదే ప్రధాన పాత్ర. అందువలన విద్యార్థి దశ దాటుతున్న వాద్యకారునికి మెరుగైన కమానును ఎంచుకోవడం వాద్యాన్ని ఎంచుకోవడమంత ముఖ్యమైన విషయం.

కమాను పనిచేసే తీరు

వెంట్రుకలకు రోజిన్ (సరళ జాతి చెట్ల బంక నుండి తయారయ్యే గట్టి పదార్థం) రాస్తారు. రోజిన్ రాయని కొత్త వెంట్రుకలతో దాదాపుగా ధ్వని పుట్టదు. కమాను కదిలినప్పుడు తంత్రి వెంట్రుకలకు అంటుకొని కొంత దూరం లాగబడుతుంది, తరువాత జారి వెనక్కు వస్తుంది, మళ్ళీ అంటుకొంటుంది. ఈ కదలికను 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ వివరించాడు.

డబుల్ బాస్ యొక్క అతి మంద్రమైన ఇ తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. స్వరం స్థిరపడడానికి నాలుగు కంపనాలు పట్టాయనుకొంటే, ఈ తంత్రిపై దాదాపు సెకనులో పదవ వంతు కాలం గడచిపోతుంది. వయొలిన్ యొక్క అతి మంద్రమైన తంత్రి సెకనుకు 196 సార్లు కంపిస్తుంది కనుక దానికి ఇందులో ఐదవ వంతు సమయం చాలు. డబుల్ బాస్ స్వరం ఆలస్యంగా పలుకుతున్నట్లు అనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. తంత్రిని వెంటనే పట్టుకొని, మొదటి కంపనాల నుండే దానిని అదుపులో ఉంచగలగడం మంచి కమాను యొక్క ప్రధాన లక్షణం.

చరిత్ర

నేటి కమాను రూపం 18వ శతాబ్దం చివరలో ఫ్రాన్స్‌లో స్థిరపడింది. ఇందులో ఫ్రాంస్వా జేవియర్ టూర్ట్ (మరణం 1835) కృషి ప్రధానమైనది. అంతకు పూర్వపు కమానులు విల్లు వలె బయటకు వంగి ఉండేవి. కొత్త రూపంలో కడ్డీ వెంట్రుకల వైపునకు వంగి ఉంటుంది. డబుల్ బాస్ వాద్యకారులు ఈ మార్పును ఆలస్యంగా స్వీకరించారు. 1794 నుండి లండన్‌లో స్థిరపడిన ఇటలీ విద్వాంసుడు డొమెనికో డ్రాగొనెట్టి (1763-1846) బయటకు వంగిన కమానునే వాడాడు. ఆయన పేరుతో ఆ రకం ఇంగ్లండులో చాలా కాలం వాడుకలో ఉంది. తరువాతి తరంలో జొవాన్ని బొట్టెసిని (1821-1889) చెల్లో కమానును పట్టినట్లు పైనుండి పట్టే కమానుతో ప్రసిద్ధి పొందాడు. వియన్నాలో బోధించిన ఫ్రాంజ్ సిమాండ్ల్ (1840-1912) పక్కనుండి పట్టే పద్ధతికి పాఠ్యక్రమాన్ని రూపొందించాడు.

రకాలు

* ఫ్రెంచి కమాను: దీని ఫ్రాగ్ (వెంట్రుకలను బిగించి, చేత్తో పట్టుకొనే భాగం) చిన్నది. అరచేయి కిందికి ఉండేలా పైనుండి పట్టుకొంటారు. చేతి బరువు చూపుడు వేలి ద్వారా కడ్డీకి అందుతుంది.
* జర్మన్ కమాను: దీని ఫ్రాగ్ ఎత్తుగా ఉంటుంది. రంపం పట్టుకొన్నట్లు పక్కనుండి పట్టుకొంటారు. బొటనవేలు కడ్డీ మీద ఉంటుంది.

ఈ రెండింటిలో ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అని చెప్పడానికి వీలులేదు. జర్మనీ, ఆస్ట్రియా దేశాల ఆర్కెస్ట్రాలలో సాధారణంగా జర్మన్ కమానును, ఫ్రాన్స్‌లో ఫ్రెంచి కమానును వాడతారు. అమెరికాలో రెండూ వాడుకలో ఉన్నాయి. విద్యార్థి సాధారణంగా తన గురువు పద్ధతినే అనుసరిస్తాడు. ఏ దేశంలో ఉద్యోగం కోరుకొంటున్నాడనేది కూడా పరిగణించవలసిన విషయమే.

కడ్డీ పదార్థాలు

ఉత్తమ శ్రేణి కమానులకు రెండు శతాబ్దాలుగా పెర్నంబుకో చెక్కను వాడుతున్నారు. ఇది బ్రెజిల్ తూర్పు తీరపు అడవులలో పెరిగే చెట్టు. బరువు, బిగువు, సాగే గుణం దీనిలో చక్కగా కుదురుతాయి. వేడి చేసి ఇచ్చిన వంపు చాలా కాలం నిలుస్తుంది. తక్కువ ధర కమానులను సాధారణంగా "బ్రెజిల్ వుడ్" అనే పేరుతో అమ్మే ఇతర చెక్కలతో చేస్తారు. ఇటీవలి దశాబ్దాలలో కార్బన్ ఫైబర్ కమానులు కూడా వ్యాప్తిలోకి వచ్చాయి. ఇవి తేమకు, వేడికి అంతగా మారవు, సులభంగా విరగవు. కనుక ప్రయాణాలు చేసేవారికి, విద్యార్థులకు అనుకూలం.

ఎంపిక చేసుకొనే విధానం

కొత్త కమాను కొనడానికి ముందు పాత కమాను వెంట్రుకలను మార్పించి చూడడం మంచిది. అరిగిపోయిన వెంట్రుకలు, ఎండిపోయిన రోజిన్ వలన వచ్చే లోపాలను కడ్డీ లోపాలుగా పొరబడడం సామాన్యంగా జరుగుతుంది. నల్లని వెంట్రుకలు ముతకగా ఉండి తంత్రిని గట్టిగా పడతాయని, తెల్లనివి మృదువైన ధ్వని ఇస్తాయని పలువురు వాద్యకారుల అభిప్రాయం. రెండింటిని కలిపి కట్టించుకొనేవారు కూడా ఉన్నారు. డబుల్ బాస్ రోజిన్ వయొలిన్ రోజిన్ కంటే మెత్తగా, జిగటగా ఉంటుంది.

అప్పటికీ తృప్తి కలగనప్పుడు కొత్త కమానులను సొంత వాద్యంపైనే, ఒకే రోజిన్‌తో, ఒకదాని తరువాత ఒకటి పోల్చి చూడాలి. ఒక వాద్యంపై బాగా పలికిన కమాను మరొక వాద్యంపై అలా పలకకపోవచ్చు. ముఖ్యంగా పరిశీలించవలసినవి:

* ఇ తంత్రిపై స్వరం ఎంత త్వరగా, స్పష్టంగా మొదలవుతుంది.
* కొన నుండి ఫ్రాగ్ వరకు నెమ్మదిగా లాగినప్పుడు ధ్వని సమంగా ఉంటుందా, కడ్డీ వణుకుతుందా. మాలర్ మొదటి సింఫనీ మూడవ భాగం ఆరంభంలోని ఏకవాద్య స్వరాలు ఈ పరీక్షకు తగినవి.
* వేగంగా వాయించేటప్పుడు స్వరాలు విడివిడిగా వినిపిస్తాయా. బేతోవెన్ అయిదవ సింఫనీ మూడవ భాగంలో చెల్లోలు, బాస్‌లు పరుగెత్తే ఘట్టం ఇందుకు ప్రసిద్ధమైనది.
* గట్టిగా నొక్కినప్పుడు కడ్డీ వెంట్రుకలకు తగులుతుందా, పక్కకు వంగుతుందా.
* కన్ను దగ్గర పెట్టి చూస్తే కడ్డీ నిటారుగా ఉందా, కొన భాగంలో పగుళ్ళు, అతుకులు ఉన్నాయా.
* అరగంట వాయించిన తరువాత చేతికి అలసట కలుగుతుందా. రెండు కమానుల బరువు ఒకటే అయినా, ఆ బరువు కొన వైపు ఎక్కువగా ఉన్నది చేతికి భారంగా తోస్తుంది.

వాయించేవారికి వినిపించే ధ్వని, దూరంగా కూర్చున్నవారికి వినిపించే ధ్వని ఒకటి కావు. అందుచేత పెద్ద గదిలో మరొకరి చేత వాయింపజేసి వినడం అవసరం. ధర మీద తయారీదారుని పేరు, కమాను వయసు, అరుదుదనం కూడా ప్రభావం చూపుతాయి. కాబట్టి ఖరీదైనది ప్రతి ఒక్కరికీ మెరుగైనదని భావించరాదు.

పర్యావరణం, చట్టాలు

అద్దకపు రంగు కోసం శతాబ్దాలుగా నరికివేయడం వలన, అడవుల నాశనం వలన పెర్నంబుకో చెట్టు అంతరించే ప్రమాదంలో పడింది. 2007లో దీనిని సైటిస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో చేర్చారు. అప్పట్లో పూర్తిగా తయారైన కమానులకు మినహాయింపు ఉండేది. 2022లో పనామాలో జరిగిన సమావేశం ఈ నిబంధనను సవరించి, బ్రెజిల్ నుండి ఎగుమతయ్యే పూర్తయిన కమానులను కూడా నియంత్రణ కిందికి తెచ్చింది. పాత కమానుల కొనకు ఏనుగు దంతపు పలక, ఫ్రాగ్‌కు తాబేటి చిప్ప ఉండవచ్చు. అటువంటి వాటిని తగిన పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే జప్తు చేసే అవకాశం ఉంది. అందువలన కొనేటప్పుడే చెక్క రకం, తయారైన కాలం తెలిపే పత్రాన్ని అడిగి తీసుకోవాలి. పెర్నంబుకో కమాను సరిగా సంరక్షిస్తే ఒక తరం నుండి మరొక తరానికి అందుతుంది. ఇప్పటికే ఉన్న మంచి కమానును బాగుచేయించి వాడుకొంటే కొత్తగా మరొక చెట్టును నరకవలసిన అవసరం తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

* డబుల్ బాస్
* చెల్లో
* వయొలిన్
* ఆర్కెస్ట్రా