చేతికి పేరుండవద్దా?

మ్యూజియమ్ అన్న మాటకు మనవాళ్ళు ‘పురావస్తు ప్రదర్శనశాల’ అని పేరు పెట్టుకొన్నారు. తెలుగు పండితుడిగా ఆ సమాసానికి ఎన్నోమార్లు పిల్లలచేత విగ్రహవాక్యం చెప్పించాను గాని, అందులోని మొదటి పదం చేసే అపకారం ఉద్యోగంలో ఉన్నంతకాలం నాకు తట్టలేదు. పాతది కాకపోతే ఇక్కడ చోటు లేదని ఆ పేరే చెబుతున్నది కదా!

చరిత్ర తిరగవేస్తే సంగతి ఇట్లా మొదలు కాలేదని తెలుస్తుంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు మాచల్దేవి చిత్రశాల ఉన్నది. అందులోని పటాలు ఆనాటికి కొత్తవి. వాటిని చూడటమే ఒక వేడుక. ఇక దొరల కాలానికి వస్తే, మద్రాసు మ్యూజియమ్ 1851లో ఏర్పడింది. 1855లో అదే నగరంలో దక్షిణదేశపు ముడిసరుకులకు, కళలకు, చేతిపనులకు పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ పెట్టినవి శిథిలాలు కావు, అప్పటి పనివాళ్ళు చేసిన వస్తువులు.

అయితే పాలకులది కేవలం కళాభిమానం కాదు. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు వస్త్రాలను కత్తిరించి, 700 నమూనాలతో 18 సంపుటాలు కూర్పించాడు. ఇటువంటి బట్ట తమ మిల్లులలో నేసి మనకే అమ్ముకోవచ్చునని అక్కడి వ్యాపారులకు చూపటం అందులోని ఆంతర్యం. గుడ్డ పొడవు, వెడల్పు, బరువు, వెల, దొరికే ఊరు శ్రద్ధగా వ్రాయించారు. నేసినవాడి పేరు మాత్రం ఎవరికీ అక్కరలేకపోయింది.

మన బెజవాడలోని విక్టోరియా జూబిలీ భవనం కథ కూడా ఇటువంటిదే. 1887లో రాణిగారి స్వర్ణోత్సవ స్మారకంగా శంకుస్థాపన జరిగిన ఆ భవనంలో మొదట పెట్టినది పారిశ్రామిక ప్రదర్శన. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా చూపినది ఇక్కడేనని చెబుతారు. ఆనాటికి ఆ జెండా కూడా అప్పుడే తయారైన కొత్త వస్తువే. 1962లో ఆ భవనం పురావస్తు ప్రదర్శనశాల అయింది; 2020లో బాపు మ్యూజియమ్ అని పేరు మారింది. బ్రతికున్నవారి పనితనం కోసం తెరిచిన తలుపులు క్రమంగా గతించినవారి ఇంటి తలుపులైనాయి. శిలాశాసనాలు, విగ్రహాలు భద్రపరచవద్దని నా అభిప్రాయం కాదు. ఒకటి రావటానికి రెండవది ఎందుకు పోవాలన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాది కాదు, నా విద్యార్థిది. ఒకప్పుడు ఎనిమిదవ తరగతి పిల్లలను ఒక ప్రదర్శనశాలకు తీసికొని వెళ్ళాను. అద్దాల బీరువాలో అంబారీ ఏనుగు ఉన్నది. కింద ‘కొండపల్లి బొమ్మ’ అని చీటీ, అంతే. బొమ్మలు చేసేవారి ఇంటి పిల్లవాడొకడు అక్కడే నిలబడిపోయి, “మాస్టారూ, ఇది మా తాతయ్య చేసిందండీ. తొండం తీరు చూస్తే తెలిసిపోద్ది. పేరు రాయలేదేమండీ?” అని అడిగాడు.

నేను పంతులుతనం చూపించాను. “మన శిల్పులు పేరు కోరుకోరురా, అది వారి వినయం” అన్నాను. వాడు తల ఊపాడు.

ఆ మాట ఎంత తప్పో తరువాత తెలిసివచ్చింది. మన కవులు వినయవంతులు కారా? అయినా ప్రతి ఆశ్వాసాంతంలోనూ గద్య వ్రాసి తండ్రి పేరు, తన పేరు చెప్పుకొన్నారు. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అవయవాలు అతికి, రంగులద్దినవాడికి ఆ గద్య వ్రాసే చోటు మనం ఇవ్వలేదు. ఇవ్వకపోవటాన్ని అతడి సుగుణంగా ప్రచారం చేశాము.

కాలం కొంత మారింది. 2008లో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గుర్రప్పచెట్టిగారికి పద్మశ్రీ వచ్చింది. ఊరి పేరు వెనుక మనిషి పేరు కూడా వినబడుతున్నది. ప్రతి జిల్లా ప్రదర్శనశాలలోనూ ఒక గది ఈనాటి పనివారికి విడిచి, వస్తువు పక్కనే చేసినవారి పేరు, వీలైతే వారినే కూర్చోబెడితే ఎంత బాగుంటుంది! మీ ఊళ్ళలో అటువంటివి చూసి ఉంటే తప్పక తెలియజేయండి.

ఇంత వ్రాసిన తరువాత ఒకటి ఒప్పుకోవాలి. ఆ తాతగారి పేరేమిటని ఆనాడు నేను కూడా ఆ పిల్లవాణ్ణి అడగలేదు.