వలస చట్టాల కథ – 6: కలెక్టర్ కమిటీలో మన మూడు కుర్చీలు



పోయిన భాగం చదివి మా మనోహరాబాద్ మండలం పిల్లలు కొందరు ఒకే మాట అడిగారు. "అన్నా, పోయిన భూములు మనయి. కంపెనీలల్ల కొలువులేమో బిహారోళ్లకు, ఒడిశోళ్లకు. నువ్వు వాళ్ల చట్టాల గురించి ఎందుకు రాస్తున్నవ్?" ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి వైపు హైవే పక్కన షెడ్లు లేచాయి. గేటు ముందు నిలబడ్డ మన డిగ్రీ పిల్లగాడికి 'లోకల్ వద్దు' అనే జవాబు వస్తోంది. లోకల్ ఎందుకు వద్దో ఆలోచించండి. లోకల్‌వాడు పొద్దుగూకితే ఇంటికి పోతాడు. బోనాలకు సెలవడుగుతాడు. మిషన్‌లో చెయ్యి పడితే వాడంతా కదిలి గేటు ముందుకొస్తుంది. అడ్వాన్స్ తీసుకుని వెయ్యి కిలోమీటర్ల అవతల నుంచి వచ్చి, రేకుల గదిలో పదిమందితో పడుకునేవాడి వెనక ఎవరున్నారు? యజమాని వెతికేది చట్టం అందని మనిషిని. వాడికి చట్టం అందిన రోజున గేటు ముందు నీకూ నాకూ విలువ వస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మన పాత లెక్క ఒకటి గుర్తు చేసుకుందాం. మనమూ ఒకప్పుడు ఎవరికో 'బిహారోళ్లమే'. బొంబాయిలో కామాఠిపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి పోయి అక్కడ రోడ్లు, మేడలు కట్టిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది కోస్తా తెలుగువాళ్లు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను 'కోరంగీలు' అనేవారు, బర్మాలో ఆ మాట పోను పోను తిట్టు అయింది. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలకు సరుకెత్తించే కాంట్రాక్టర్లు బర్మా కూలీలను తెచ్చి వాళ్ల జాగాలో పెట్టారు. సమ్మె తీరి తెలుగువాళ్లు పనిలోకి రాగానే బర్మావాళ్లను పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. కాంట్రాక్టర్లకు దెబ్బ తగల్లేదు. 1941లో భారత, బర్మా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని కూలీల రాకకు పర్మిట్లు పెట్టాలనుకున్నాయి, యుద్ధం వచ్చి అది ఆగిపోయింది. రేవులో ఒకరి మీద ఒకరు కత్తులు దూసిన ఇద్దరూ ఆకలిగొన్నవాళ్లే. కాళ్లకల్ గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఈ రంగూన్ రేవు నాకు యాదికొస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత పాలమూరు కథ మీకు తెలిసిందే. గుంపు మేస్త్రీ కరువు కాలంలో అడ్వాన్స్ ఇచ్చి కుటుంబాలకు కుటుంబాలను లారీ ఎక్కించేవాడు. దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడ మట్టి తట్ట మోసింది మన మాల, మాదిగ, వెనకబడిన కులాల ఆడమగ. ఒడిశాలో ఇదే పద్ధతికి 'దాదన్' అని పేరు. అక్కడి సర్దార్లు నెలకు ఇంత కూలి అని ఊళ్లో ఒప్పుకుని రైలెక్కించేవారు. పనికాడికి పోయాక మాట ఉండేది కాదు. పనిగంటలకు లెక్క లేదు, వారానికి సెలవు లేదు. దీన్ని అదుపు చెయ్యడానికి ఒడిశా 1975లో దాదన్ కూలీల చట్టం చేసింది. ఒక రాష్ట్రం చేసిన చట్టం పక్క రాష్ట్రంలో చెల్లదు కదా. సర్దార్ సరిహద్దు దాటితే చట్టం అక్కడే ఆగిపోయేది. 1976 అక్టోబర్‌లో కార్మిక మంత్రుల సమావేశం ఈ చిక్కును చర్చించి కమిటీ వేయమంది. దాని తర్వాత వచ్చిందే 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. అమల్లోకి వచ్చింది 1980 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు.

చదివితే మంచి చట్టం. ఐదుగురు పక్క రాష్ట్రం కూలీలుంటే చాలు, వర్తిస్తుంది. యజమాని రిజిస్టర్ కావాలి, కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాలి. ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి. ఊరు వదిలినందుకు నెల కూలిలో సగం లేదా రూ.75, ఏది ఎక్కువైతే అది, తిరిగి కట్టనవసరం లేని భత్యం. రానుపోను చార్జీలు, ప్రయాణం చేసిన రోజులకు కూడా కూలి. ఉండడానికి గది, వైద్యం. కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలి. ఇంకొక్క సంగతి చాలామందికి తెలియదు: కూలీ సొంత రాష్ట్రం కూడా, పనిచేస్తున్న రాష్ట్రం ఒప్పుకుంటే, తన మనుషులను పంపి అక్కడ తనిఖీ చేయించుకోవచ్చు.

చిల్లు ఎక్కడుందంటే, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాడే ఈ చట్టం లెక్కలో 'వలస కార్మికుడు'. బావమరిది ఫోన్ చేస్తే రైలెక్కి వచ్చినవాడు కాదు. ఇక కాంట్రాక్టర్లు లైసెన్స్ తీసుకోకపోతే కాగితం మీద కూలీయే ఉండడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల పనుల్లోనే ఇది బయటపడింది. కనీస కూలి రోజుకు రూ.9.25 అయితే జమాదార్ రూపాయి కోసుకుని రూ.8.25 చేతిలో పెట్టేవాడు. పీయూడీఆర్ సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో జస్టిస్ భగవతి ధర్మాసనం, కనీస కూలి కంటే తక్కువకు పని చేయించడం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అని తీర్పు చెప్పింది. ఆకలి కూడా ఒక బలవంతమేనని కోర్టు ఒప్పుకుంది. బాబాసాహెబ్ రాజ్యాంగంలో పెట్టిన ఆ అధికరణానికి అంత విశాలమైన అర్థం రావడానికి కారణం స్టేడియం కట్టిన కూలీలు. విద్యార్థి మిత్రులు ఆ తీర్పు పూర్తిగా చదవాలి.

తర్వాత ముప్పై ఎనిమిదేళ్లకు, 2020 వేసవిలో మన 44వ నంబర్ హైవే మీద ఏం జరిగిందో మీరే చూశారు. మేడ్చల్, మనోహరాబాద్, తూప్రాన్ మీదుగా ఉత్తరానికి నెత్తిన మూటలతో నడిచిన జనం. ములుగు మిర్చి తోటల నుంచి బీజాపూర్‌కు నడుస్తూ పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల దారిలోనే ప్రాణం విడిచింది. మన ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, రూ.500 ప్రకటించింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. ఎంతమంది ఎక్కడున్నారని ప్రభుత్వాలు అప్పుడు తల పట్టుకున్నాయి. నలభై ఏళ్లుగా పాస్‌బుక్కులు రాసి ఉంటే, రిజిస్టర్లు నింపి ఉంటే, లెక్క ఆఫీసులోనే ఉండేది.

అదే సంవత్సరం పార్లమెంట్ ఈ చట్టాన్ని వృత్తి భద్రత కోడ్‌లో కలిపేసింది. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒక మంచి జరిగింది: నెలకు రూ.18,000 లోపు జీతం ఉండి, తనంతట తాను వచ్చినవాడు కూడా ఇప్పుడు వలస కార్మికుడే. రేషన్ సొంతూళ్లో తీసుకుంటాడా ఇక్కడ తీసుకుంటాడా అన్నది అతని ఇష్టం. కానీ ఐదుగురు అన్నది పదిమంది అయింది. ఊరు వదిలినందుకిచ్చే భత్యం ఎగిరిపోయింది. తొమ్మిదిమందితో నడిచే చిన్న షెడ్డు ఈ అధ్యాయం కిందికి రానే రాదు. కోడ్ కింద రాష్ట్రం చేసే నియమాలు ముందుగా ప్రచురించి, అభ్యంతరాలు తీసుకున్నాకే ఖాయం చెయ్యాలి. అభ్యంతరం రాయడానికి లాయర్ కావాల్సిన పని లేదు. కంపెనీల సంఘాలు తమవి రాసి పంపుతాయి. మన అంబేద్కర్ సంఘాలు ఎన్ని రాస్తాయి?

స్థానికులకే కొలువులు అనే చట్టం తెస్తే సరిపోదా అంటారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబర్‌లో కొట్టేసింది. కోటా అడగడం తప్పని నేననను. కానీ షెడ్డులో ఎనిమిది గంటల కూలికి పన్నెండు గంటలు చేయించే వీలున్నంత కాలం, ఆ 75 శాతాన్ని కాగితం మీద చూపించే తోవలు కాంట్రాక్టర్‌కు వెయ్యి దొరుకుతాయి.

ఇందులో కులం ఎక్కడిది అనకండి. ఇటుక బట్టీలకు బలంగీర్, నువాపడా నుంచి వచ్చే కుటుంబాల్లో దళితులు, ఆదివాసులే ఎక్కువ. అక్కడ ఎస్సీ అయినవాడికి ఇక్కడ రిజర్వేషన్ లేదు, ఎందుకంటే ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానికే. ఇది తేలింది కూడా మన తెలుగు బిడ్డ కేసులోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా పుట్టి, చిన్నప్పుడే బొంబాయి చేరి, అక్కడ మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖర్ రావు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. సర్టిఫికెట్ రాష్ట్రం దాటదు. కులం మాత్రం టికెట్ లేకుండా రైలెక్కి మనిషి వెంటే వస్తుంది, బట్టీలో బిందె ముట్టుకునే దగ్గర దిగుతుంది.

ఇప్పుడు కుర్చీల సంగతి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని కొత్త కోడ్‌లు ముట్టుకోలేదు, అది ఉన్నది ఉన్నట్టే ఉంది. 13వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకు, ప్రతి డివిజన్‌కు ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి. మన జిల్లాకు మెదక్ కలెక్టర్, మన డివిజన్‌కు తూప్రాన్ ఆర్డీఓ. అందులో అక్కడే నివసించే ఎస్సీ, ఎస్టీలు ముగ్గురు తప్పకుండా ఉండాలని చట్టమే రాసింది. వాళ్లు కాక ఇద్దరు సామాజిక కార్యకర్తలు. వెట్టి ఎక్కడుందో సర్వే చేయించడం, విడిపించినవాళ్లకు పునరావాసం దక్కేలా చూడటం, వాళ్ల మీద అప్పు కేసు వేస్తే తరఫున నిలబడటం ఆ కమిటీ పని. 15వ సెక్షన్ ఇంకా బలమైంది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిదే, కూలీది కాదు. అడ్వాన్స్ తీరేదాకా కదలొద్దని ఆధార్ కార్డు గుంజుకున్న ప్రతి బట్టీకి, ప్రతి షెడ్డుకు ఈ సెక్షన్ వర్తించే అవకాశం ఉంది.

ఆ మూడు కుర్చీల్లో ఇప్పుడు ఎవరున్నారు? ఆర్టీఐ దరఖాస్తు రాయండి. ఆర్డీఓ ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. కమిటీ సభ్యుల పేర్లు, వేసిన తేదీ, గత మూడేళ్లలో జరిగిన సమావేశాల మినిట్స్ అడగండి. లేబర్ ఆఫీసుకు ఇంకో దరఖాస్తు: మండలంలో వలస కార్మికుల కోసం రిజిస్టరైన సంస్థలెన్ని, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్లెవరు, తనిఖీ రిపోర్టుల నకళ్లు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. కుర్చీలు ఖాళీ అని తేలితే, చదువుకున్న మన ఆడపిల్లల పేర్లు రాసి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. ఊళ్లో భూస్వామి చెప్పిన పేర్లే ఉన్నాయని తేలితే అదీ రాయండి.

ఒక జాగ్రత్త. కూలీ మనతో మాట్లాడాడని తెలిస్తే ఆ రాత్రే అతన్ని ఇంకో జిల్లా షెడ్డుకు మార్చేస్తారు. అందుకే గేటు ముందు ఫొటోలు దిగి ఇక్కడ పోస్ట్ చెయ్యకండి. ఆదివారం అంగట్లో కూరగాయల దగ్గర, రైల్వే స్టేషన్‌లో హిందీ ముక్కలతో పలకరించండి. ఈ-శ్రమ్ కార్డుందా, రేషన్ ఇక్కడ తీసుకోవచ్చని తెలుసా, అని మొదలుపెడితే కూలి మాట దానంతటదే వస్తుంది.

వచ్చే భాగంలో 1983 ఎమిగ్రేషన్ చట్టం, గల్ఫ్‌కు పోయిన మనవాళ్ల సంగతి. ఆర్టీఐ జవాబులు అందినవాళ్లు ఈలోపు నాకు పంపండి.

జై భీమ్.