ఓటుకు గడువుంది, న్యాయానికీ గడువుండాలి

రాజ్యాంగం అమలులోకి వచ్చి డెబ్బై అయిదేళ్ళు నిండిన సందర్భంగా వస్తున్న ఈ ప్రత్యేక సంచికలో న్యాయస్థానాల గురించి రాయాలి. ఆ చరిత్రను ఢిల్లీలో మొదలుపెట్టి చెప్పడం అందరూ చేసే పని. నాయుడుపేటలో నిలబడి చూస్తే అది ఎలా కనిపిస్తుందో ఇక్కడ చెబుతాను.

1950 జనవరి 26 నాటికి మన ఊరు మద్రాసు రాష్ట్రంలో, నెల్లూరు జిల్లాలో ఉంది. పెద్ద కోర్టంటే 1862లో ఏర్పడ్డ మద్రాసు హైకోర్టే. రైలెక్కితే పూటలో పోయి రాగలిగిన దూరం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 జూలై 5న గుంటూరులో మన హైకోర్టు వెలిసింది. 1956లో అది హైదరాబాదుకు తరలింది. 2019 నుంచి అమరావతిలో పనిచేస్తోంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారి మనం తిరుపతి జిల్లా వాళ్ళమయ్యాం. రాజధానులు మారినా, జిల్లాల పేర్లు మారినా రెండు హక్కులు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. ఒకటి ఓటు. రెండోది, ఆ ఓటుకు అన్యాయం జరిగితే కోర్టు మెట్లెక్కి అడిగే హక్కు. మొదటిదాన్ని రెండోది ఎంతవరకు కాపాడిందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

పుదూరు నుంచి రాజ్యాంగ సభకు

ఈ కథలో మన పాత జిల్లాకు పెద్ద వాటా ఉంది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో, గుడి పూజారి ఇంట పుట్టారు. మద్రాసులో చదువుకుని న్యాయవాదిగా ఎదిగి, 1929 నుంచి 1944 వరకు మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా పనిచేశారు. 1947 ఆగస్టు 29న ఏర్పడిన రాజ్యాంగ ముసాయిదా కమిటీలోని ఏడుగురు సభ్యుల్లో ఆయన ఒకరు. కమిటీలో తనకంటే సమర్థులున్నారని చెబుతూ అంబేద్కర్ రాజ్యాంగ సభలో పేరుపెట్టి తలచుకున్నది అల్లాడి వారినే.

ఆయన చెప్పిన రెండు మాటలు ఈనాటికీ మనకు దారి చూపుతాయి. మొదటిది, చదువు లేని కోట్ల మందికి ఓటు ఎలా ఇస్తారన్న సందేహానికి ఆయన ఇచ్చిన జవాబు. సామాన్యుడి మీద నమ్మకంతోనే ఈ సభ వయోజన ఓటు హక్కును స్వీకరించిందని ఆయన గట్టిగా చెప్పారు. రెండోది న్యాయమూర్తులకు హెచ్చరిక. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండి తీరాలి గాని, అది చట్టసభకు పైన ఇంకో చట్టసభగా, ప్రభుత్వానికి పైన ఇంకో ప్రభుత్వంగా తయారు కాకూడదన్నారు. ఓటరును నమ్మాలి, జడ్జికి హద్దుండాలి. ప్రజాస్వామ్యంలో కోర్టు స్థానం ఏమిటో ఈ రెండు మాటల్లో తేలిపోయింది.

మద్రాసు రోజులు

మద్రాసు హైకోర్టు మన పెద్ద కోర్టుగా ఉన్న ఆ చివరి సంవత్సరాల్లోనే, రాజ్యాంగం పుట్టిన తొలి ఏడాదిలోనే, ఒక పెద్ద పరీక్ష వచ్చింది. 1950లో మద్రాసు ప్రభుత్వం పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని చట్టవిరుద్ధ సంఘంగా ప్రకటించింది. దాని కార్యదర్శి వి.జి.రావ్ హైకోర్టుకు వెళ్ళారు. ప్రధాన న్యాయమూర్తి స్థానంలో తెలుగువారైన పాకాల వెంకట రాజమన్నార్ ఉన్నారు. ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు సంఘాలను నిషేధించడానికి వీలిచ్చే ఆ చట్ట నిబంధన చెల్లదని హైకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో తీర్పు చెప్పింది. 1952 మార్చి 31న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. రైతు సంఘమైనా, కార్మిక సంఘమైనా, ప్రభుత్వాన్ని విమర్శించే సంఘమైనా నాలుగు గోడల మధ్య ధైర్యంగా కూర్చోగలుగుతోందంటే దాని వెనుక ఈ తీర్పుంది.

అదే మద్రాసు రాష్ట్రంలో, తొలి సాధారణ ఎన్నికల్లో, నమక్కల్‌లో పొన్నుస్వామి అనే అభ్యర్థి నామినేషన్‌ను అధికారులు తిరస్కరించారు. ఎన్నిక జరగకముందే కోర్టు కలగజేసుకోవాలని ఆయన కోరారు. కుదరదని 1952 జనవరి 21న సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నికల ప్రక్రియ మొదలైతే మధ్యలో ఆపకూడదు, తగాదాలుంటే ఫలితం వచ్చాక తేల్చుకోవాలని రాజ్యాంగంలోని 329వ అధికరణాన్ని వివరించింది. ఎన్నికలు వాటి గడువుకు జరిగిపోవడమే అన్నిటికంటే ముఖ్యమని మన కోర్టులు మొదట్లోనే గ్రహించాయి.

గుంటూరు నుంచి ఢిల్లీకి

గుంటూరు హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టిన ఆయన తరువాత దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న ఆయన నాయకత్వంలోని పదకొండుగురి ధర్మాసనం గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటుకైనా ప్రాథమిక హక్కులను తీసివేసే అధికారం లేదని ఒక్క ఓటు ఆధిక్యంతో తీర్పిచ్చింది. 1973 ఏప్రిల్ 24న పదమూడుగురి ధర్మాసనం కేశవానంద భారతి కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. రాజ్యాంగాన్ని ఎంత మార్చినా దాని మౌలిక స్వరూపాన్ని మాత్రం తాకరాదని ఏడుగురు తేల్చారు. ఆ ఏడుగురిలో ఒకరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పి.జగన్మోహన్ రెడ్డి.

ఈ సిద్ధాంతం ఎందుకు అవసరమో రెండేళ్ళకే తెలిసింది. ప్రధాని ఎన్నికను ఏ కోర్టూ విచారించకూడదంటూ 1975లో రాజ్యాంగాన్ని సవరిస్తే, అదే ఏడాది నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. స్వేచ్ఛగా, సక్రమంగా జరిగే ఎన్నిక ప్రజాస్వామ్యానికి ప్రాణమని, పదవి ఎంత పెద్దదైనా ఎన్నికను చట్టానికి అతీతం చేయలేమని చెప్పింది.

అయితే కోర్టులు ఎప్పుడూ గెలిపించాయని రాస్తే అది అబద్ధమవుతుంది. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ చీకట్లో, నిర్బంధంలో ఉన్నవాళ్ళు విడుదల కోరుతూ కోర్టుకు రావడానికి వీల్లేదని అదే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదుగురిలో హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పును కోర్టు తానుగా దిద్దుకున్నది 2017లో. ప్రజలు 1977 మార్చిలోనే ఓటుతో జవాబు చెప్పేశారు.

ముందు జనం, తరువాత తీర్పు

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని తొలగించినప్పుడు కూడా అంతే జరిగింది. శాసనసభలో తనకు మెజారిటీ ఉందని ఆయన చెబుతున్నా వినలేదు. రాష్ట్రమంతా రోడ్డెక్కింది. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ విజయం జనానిది. మెజారిటీ ఎవరికుందో రాజ్‌భవన్‌లో కాకుండా సభలోనే తేలాలన్న సూత్రాన్ని తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బొమ్మై కేసులో స్థిరపరిచింది పదేళ్ళ తరువాత, 1994 మార్చి 11న. ఆ ధర్మాసనంలో తెలుగువారు కె.రామస్వామి, బి.పి.జీవన్ రెడ్డి ఉన్నారు. ఆలస్యంగా వచ్చినా ఆ తీర్పు ఎన్నో రాష్ట్రాల ప్రభుత్వాలకు రక్షణ అయింది. జనం పోరాడి సాధించుకున్నదాన్ని చట్టం చేయడం కోర్టులు చేయగల గొప్ప మేలు. దీనితో ఇకముందు అదే పోరాటం మొదటినుంచి చేయాల్సిన పని ఉండదు.

మన గుమ్మం ముందుకొచ్చిన కేసు

ఈ విషయం మన ఊరికి నేరుగా తగిలింది 2020, 2021 సంవత్సరాల్లో. రాష్ట్రంలోని పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులోనే తీరింది. మునిసిపాలిటీలది 2019 జూలైలో ముగిసింది. ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. 2020 మార్చి 15న కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గించింది, ఆయన పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. తరువాత ఆయన తిరిగి పదవిలోకి వచ్చారు.

2021 జనవరి 8న పంచాయతీ ఎన్నికల ప్రకటన వెలువడింది. 11న హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని నిలిపేశారు. 21న డివిజన్ బెంచ్ పునరుద్ధరించింది. 25న సుప్రీంకోర్టు ఎన్నికలు ఆపడానికి నిరాకరించింది. పదిహేడు రోజుల్లో మూడు మెట్లూ పూర్తయ్యాయి. ఫిబ్రవరి 9 నుంచి 21 వరకు నాలుగు విడతల్లో పల్లెలు ఓటేశాయి. మార్చి 10న నాయుడుపేట మునిసిపాలిటీ కూడా ఓటేసింది. ఆ కేసులో ఎవరిది ఏ పక్షమన్నది రాజకీయం. ఎన్నికల కమిషనర్ పదవి ఏ ప్రభుత్వం దయ మీదా ఆధారపడకూడదన్నదీ, గడువు తీరిన పాలకవర్గానికి ఎన్నిక జరిగి తీరాలన్నదీ రాజ్యాంగం.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు 2021 ఏప్రిల్ 8న జరిగితే, కేసుల వల్ల ఓట్లు లెక్కపెట్టింది సెప్టెంబరు 19న. అయిదు నెలలపాటు ఓటరు తీర్పు పెట్టెల్లోనే ఉండిపోయింది. మన జిల్లా కేంద్రం తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది. దానికి మొదటి ఎన్నిక జరిగింది 2021లో. అంటే పద్నాలుగేళ్ళు కార్పొరేటరు లేకుండా కార్పొరేషన్ నడిచింది. ఆ జాప్యానికి కోర్టు వివాదాలు కూడా ఒక కారణమే. గడువుకు ముందే ఎన్నిక జరపాలని 2006లో సుప్రీంకోర్టు కిషన్ సింగ్ తోమర్ కేసులో స్పష్టంగా చెప్పినా ఇంత జరిగింది.

వాయిదాల జబ్బు

ప్రజాస్వామ్యం గడువుల మీద బతుకుతుంది. కోర్టు వాయిదాల మీద నడుస్తుంది. రెంటికీ పొత్తు కుదిరిన చోట ప్రజాస్వామ్యం నిలిచింది, కుదరని చోట దెబ్బతింది. ఎన్నికల బాండ్ల పథకం చెల్లదని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు చెప్పింది, మంచి తీర్పు. కాని ఆలోగా 2019 సాధారణ ఎన్నికలు ఆ బాండ్లు అమలులో ఉండగానే జరిగిపోయాయి. పైరు ఎండిపోయాక వదిలిన నీళ్ళు ఎవరికి మేలు? ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల మీద వేసే పిటిషన్లను హైకోర్టు ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. అలా తేలేవి అరుదు.

ఇది అసాధ్యమేమీ కాదని కెన్యా చూపించింది. 2017 ఆగస్టు 8న అక్కడ అధ్యక్ష ఎన్నిక జరిగింది. పిటిషన్‌ను పద్నాలుగు రోజుల్లో తేల్చాలని వాళ్ళ రాజ్యాంగం చెబుతుంది. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. అక్టోబరు 26న మళ్ళీ పోలింగ్ జరిగింది. మనకంటే పేద దేశం చేసి చూపింది.

మన ఊరి కోర్టులోనే మొదలు

పెద్ద తీర్పుల గురించి ఇంత చెప్పినా, మామూలు మనిషికి రాజ్యాంగం ఎదురయ్యేది జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే. పాతవాళ్ళు ఇంకా మునసబు కోర్టనే అంటారు. సర్పంచి ఎన్నిక చెల్లదని వాదించాలంటే ఎన్నికల ట్రిబ్యునల్‌గా కూర్చునేది ఆ జడ్జే. ఓటమిని కత్తితో కాక కాగితంతో ప్రశ్నించడం పల్లె నేర్చుకునేది అక్కడే. అయిదేళ్ళ పదవి మీద వేసిన పిటిషన్ ఆరో ఏట తేలితే, గెలిచినా ఓడినట్టే. అందుకే ఎన్నికల పిటిషన్లను మిగతా సివిల్ దావాలతో కలపకుండా రోజువారీగా విచారించి, ఆరు నెలల్లో ముగించాలి. ఈ డిమాండును మన న్యాయవాదులే ముందుకు తేవాలి.

మనకూ చేయవలసిన పని ఉంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కర్మాగార కార్మికులకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మేనకూరు సెజ్‌లో పనిచేసే కార్మికులకూ, చుట్టుపక్కల దళితవాడల వాళ్ళకూ ఇది తెలియాలి. ఓటరు జాబితాలో పేరు పోయినా, బెదిరించి నామినేషన్ వేయనివ్వకపోయినా నోరు మూసుకోనక్కరలేదు. ఏ కోర్టూ తనంతట తాను మన వీధికి రాదు. వి.జి.రావ్ పిటిషన్ వేయకపోతే 1950 నాటి తీర్పు లేదు.

2021లో ఎన్నికైన మన స్థానిక పాలకవర్గాల అయిదేళ్ళ గడువు 2026 వరకే. తరువాతి ఎన్నికలు గడువుకు జరగాలని అడగడం ఏ పార్టీ పనీ కాదు, మనందరి పని. జరగకపోతే కోర్టుకు వెళ్దాం, సకాలంలో వెళ్దాం, సకాలంలో తీర్పు ఇమ్మని అడుగుదాం. సామాన్యుడిని నమ్మి ఓటు చేతికిచ్చిన అల్లాడి వారి తరానికి మనం బాకీపడ్డది అదే.